ఏసీ ఫిల్టర్లు, ఇంట్లో ఎలర్జీలు: పాఠకుల సందేహాలకు సమాధానాలు

ఏసీ గదిలో తుమ్ములు, ముక్కు దిబ్బడ, కళ్ళ దురద, పొడి దగ్గు వంటి బాధల గురించి వచ్చిన ఉత్తరాలలో చాలా వాటి సారాంశం ఒకటే. ఏ ఫిల్టర్ కొనాలి, దాన్ని ఎలా చూసుకోవాలి అని అందరూ అడుగుతున్నారు. అందుకే ఒకే రకమైన ప్రశ్నలను కలిపి, ఈసారి శీర్షిక మొత్తాన్ని ఈ విషయానికే కేటాయిస్తున్నాము. ఎలర్జీ ఉన్నవారికి ఫిల్టర్ ఎంపిక ముఖ్యమే. అయితే తమకు పడనిది ఏమిటి, అది గాలిలో ఎంతసేపు తేలుతుంది, యంత్రం లోపల తడి ఎంతసేపు నిలుస్తుంది అన్న మూడు సంగతులు తెలియకుండా చేసే ఎంపిక చాలాసార్లు ఫలితం ఇవ్వదు.

ప్రశ్న: మా పడకగదిలో స్ప్లిట్ ఏసీ ఉంది. వేసిన కొద్ది నిమిషాలకే నాకు తుమ్ములు మొదలవుతాయి, గొంతులో గరగర వస్తుంది. మెకానిక్ వచ్చి ఫిల్టర్ కడిగి వెళ్ళాడు కానీ తేడా కనిపించలేదు. మంచి కంపెనీ ఫిల్టర్ తెప్పించి బిగిస్తే ఈ బాధ తగ్గుతుందా?

జవాబు: మీ ఉత్తరంలో అసలైన ఆధారం ‘వేసిన కొద్ది నిమిషాలకే’ అన్న మాటలో ఉంది. గదిలోని దుమ్మే కారణమైతే ఏసీ వేసినా వేయకపోయినా బాధ ఉండాలి. యంత్రం తిరగడం మొదలుపెట్టగానే వస్తున్నదంటే, యంత్రం లోపల చేరినదేదో ఆ తొలి గాలితో బయటికి వస్తున్నదని అనుమానించాలి.

స్ప్లిట్ ఏసీ ముందు మూత ఎత్తితే కనిపించే నైలాన్ జాలీని అందరూ ఫిల్టర్ అంటారు. అది ప్రధానంగా యంత్రాన్ని కాపాడటానికి పెట్టినది. దాని రంధ్రాలలో వెంట్రుకలు, దారపు నూగు, పెద్ద ధూళి చిక్కుకుంటాయి. బూజు తాలూకు బీజకణాలు సాధారణంగా 2 నుంచి 20 మైక్రాన్ల మధ్య ఉంటాయి, మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. వాటికి ఆ జాలీ అడ్డే కాదు. జాలీని దాటిన సన్నని దుమ్ము వెనుక ఉన్న కూలింగ్ కాయిల్ రేకుల మీద పడుతుంది. ఏసీ నడిచినంతసేపూ ఆ రేకుల మీద గాలిలోని తేమ నీరుగా మారి కారుతూనే ఉంటుంది. తడి, దుమ్ము, చీకటి మూడూ ఒకేచోట కలిసిన తరువాత బూజు పెరగడానికి ఇంకేమీ అవసరం లేదు. రాత్రంతా నడిచిన ఏసీని తెల్లవారి ఆపి గది మూసేస్తే, ఆ తడి గంటల తరబడి లోపలే ఉండిపోతుంది.

కాయిల్ కన్నా ఎక్కువగా గమనించవలసినది, గాలిని గదిలోకి తోసే బ్లోయర్. అది పొడవైన డోలు ఆకారంలో, సన్నని రెక్కలతో ఉంటుంది. గోడ దగ్గర మెయిన్ స్విచ్ ఆపి, గాలి బయటికి వచ్చే సందులోని పలకలను మెల్లగా కిందికి వంచి, టార్చి లైటు వేసి లోపలికి చూడండి. శుభ్రంగా ఉన్న బ్లోయర్ రెక్కల అంచులు నున్నగా, విడివిడిగా కనిపిస్తాయి. మురికి పట్టినదైతే ప్రతి రెక్క లోపలి వంపులోనూ బూడిదరంగు మెత్తని పొర గడ్డకట్టి ఉంటుంది, దాని మీద నల్లని చుక్కలు కూడా ఉండవచ్చు. పలకల మీదే నల్లచుక్కలు కనిపిస్తుంటే లోపలి స్థితి గురించి వేరే సాక్ష్యం అక్కరలేదు. ఆ రెక్కల మీదుగా వచ్చే గాలే మీ ముఖానికి తగులుతున్నది. జాలీని ఎన్నిసార్లు కడిగినా ఆ పొర కదలదు, ఎందుకంటే జాలీ ముందు ఉంటుంది, బ్లోయర్ కాయిల్‌కు కూడా వెనుక ఉంటుంది.

కాబట్టి మీరు డబ్బు పెట్టవలసినది కొత్త ఫిల్టర్ మీద కాదు, పూర్తి సర్వీసింగ్ మీద. మెకానిక్‌ను పిలిచేటప్పుడే కాయిల్, బ్లోయర్, కింద నీరు చేరే ట్రే, డ్రెయిన్ పైపు నాలుగూ కడగాలని స్పష్టంగా చెప్పండి. ఒట్టి ‘సర్వీసింగ్’ అంటే చాలామంది జాలీ దులిపి, కాయిల్ మీద కాస్త నీళ్ళు కొట్టి వెళ్ళిపోతారు. యూనిట్ చుట్టూ సంచీ లాంటి కవరు కట్టి నీటి పంపుతో కడిగితే మురికి గోడల మీద పడదు. ట్రేలో నీరు నిలవకుండా పైపు వాలుగా ఉందో లేదో, పైపు చివర బయట పాచి పట్టి మూసుకుపోయిందో లేదో అదే సమయంలో చూడమనండి. ఆ పని జరుగుతున్నప్పుడు, ఆ తరువాత కొన్ని గంటలపాటు మీరు ఆ గదిలో ఉండకండి.

ఇదంతా చేయించాక కూడా తుమ్ములు అలాగే ఉంటే, మరో అవకాశం మిగిలి ఉంటుంది. కొందరికి ఎలర్జీ అంటూ ఏదీ లేకపోయినా చల్లగాలి నేరుగా ముక్కుకు తగిలినంతనే ముక్కు కారుతుంది, తుమ్ములు వస్తాయి. వేడి నుంచి ఒక్కసారిగా చల్లని గదిలోకి వచ్చినప్పుడు ఇది మరీ ఎక్కువ. దీనిని ఏ ఫిల్టరూ ఆపలేదు. గాలి మంచం మీద పడకుండా పలకలను పైకి తిప్పి, ఉష్ణోగ్రతను రెండు మూడు డిగ్రీలు పెంచి చూడండి. దానితో తగ్గితే కారణం దొరికినట్టే.

ప్రశ్న: హెపా ఫిల్టర్ గుడ్డ అని షీట్లు అమ్ముతున్నారు. కత్తిరించి ఏసీ జాలీ మీద అంటించుకుంటే ఎయిర్ ప్యూరిఫైయర్ అవసరం ఉండదంటున్నారు. నిజమేనా?

జవాబు: నిజం కాదు, యంత్రానికి మంచిది కూడా కాదు. అసలు హెపా ఫిల్టర్ అంటే 0.3 మైక్రాన్ల కణాలలో కనీసం 99.97 శాతాన్ని పట్టగలిగేది. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో అణుబాంబు తయారీలో వెలువడే రేడియోధార్మిక ధూళిని పట్టడానికి ఇటువంటి ఫిల్టర్లను రూపొందించారు. అంత దట్టమైన పదార్థం గుండా గాలిని నెట్టడానికి బలమైన ఫ్యాన్ కావాలి, గాలి పోవడానికి విశాలమైన తలం కావాలి. అందుకే హెపా ఫిల్టర్‌ను మడతలు మడతలుగా చేసి పెడతారు. స్ప్లిట్ ఏసీ బ్లోయర్‌ను ఆ పని కోసం తయారుచేయలేదు.

షీటు అంటించగానే కాయిల్ మీదికి వచ్చే గాలి తగ్గుతుంది. తగినంత వెచ్చని గాలి తగలని కాయిల్ మరీ చల్లబడి, దాని మీద మంచు గడ్డకడుతుంది. ఏసీ ఆపాక ఆ మంచు కరిగి గోడ మీద నీళ్ళు కారతాయి. గది చల్లబడదు కనుక కంప్రెసర్ ఆగకుండా నడుస్తుంది, కరెంటు బిల్లు పెరుగుతుంది. మరోవైపు, షీటు అంచుల దగ్గర వేలెడు సందు ఉన్నా గాలి ఆ సందునే వెతుక్కుని పోతుంది, శుద్ధి కాకుండానే కాయిల్‌ను చేరుతుంది.

కంపెనీవారే జాలీకి తగిలించి ఇచ్చే చిన్న పట్టీల గురించి కూడా ఇదే సందర్భంలో చెప్పాలి. కార్బన్ పట్టీ వాసనలను కొంతవరకు పీల్చుకుంటుంది, ధూళిని పట్టదు. స్థిర విద్యుత్‌తో సన్నని ధూళిని ఆకర్షించే పట్టీలు తమ మీదుగా వెళ్ళే గాలి వరకు పనిచేస్తాయి. కానీ జాలీ మొత్తం వైశాల్యంలో ఆ పట్టీ ఆక్రమించేది చిన్న భాగం మాత్రమే, మిగిలిన గాలి దాని పక్కనుంచే పోతుంది. వాటిని తీసివేయనక్కరలేదు, వాటి మీద ఆశ పెట్టుకోనూ అక్కరలేదు.

ప్రశ్న: మాకు ఇల్లంతటికీ ఒకే ఏసీ, డక్టుల ద్వారా గాలి వస్తుంది. ఫిల్టర్ పెట్టెల మీద మెర్వ్ 8, 11, 13 అని అంకెలు ఉంటున్నాయి. మా అబ్బాయికి పుప్పొడి, బూజు రెండూ పడవు. పెద్ద అంకె ఉన్నది కొనడమే మంచిదా?

జవాబు: ఎంపికకు నిజంగా అవకాశం ఉన్నది మీ వంటి వ్యవస్థలోనే కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. మెర్వ్ అనేది తాపన, శీతలీకరణ ఇంజనీర్ల సంస్థ ఆష్రే నిర్ణయించిన కొలమానం. 1 నుంచి 16 వరకు అంకెలు ఉంటాయి. కణాలను పరిమాణాన్ని బట్టి మూడు వర్గాలుగా, అంటే 0.3 నుంచి 1 మైక్రాన్, 1 నుంచి 3, 3 నుంచి 10 మైక్రాన్లుగా విడదీసి, ఒక్కొక్క వర్గంలో ఎంత శాతాన్ని ఆపగలదో పరీక్షించి ఆ అంకె ఇస్తారు. మెర్వ్ 8 ఫిల్టర్ 3 నుంచి 10 మైక్రాన్ల కణాలలో కనీసం 70 శాతాన్ని ఆపుతుంది, అంతకన్నా చిన్నవాటి విషయంలో బలహీనం. మెర్వ్ 11 అయితే 1 నుంచి 3 మైక్రాన్ల కణాలలో కనీసం 65 శాతాన్ని పడుతుంది. మెర్వ్ 13 ఆ వర్గంలో 85 శాతాన్ని, ఒక మైక్రాన్ కన్నా చిన్నవాటిలో సగాన్ని పడుతుంది. ఐఎస్ఓ 16890 అనే అంతర్జాతీయ ప్రమాణం 2016లో వచ్చింది. కొన్ని పెట్టెల మీద మెర్వ్‌కు బదులు ఆ ప్రమాణం ప్రకారం పీఎం 10, పీఎం 2.5, పీఎం 1 వర్గాలలో, అంటే 10, 2.5, 1 మైక్రాన్ల లోపు ధూళిలో, ఎంత శాతం పడుతుందో రాస్తారు.

ఇక్కడ ఒక అపోహను తొలగించుకోవాలి. ఫిల్టర్ జల్లెడలా పనిచేస్తుందని, కణం ఎంత చిన్నదైతే అంత తేలికగా జారిపోతుందని అనుకుంటాం. కాని అత్యంత చిన్న కణాలు గాలి అణువుల తాకిడికి అటూ ఇటూ తూలుతూ నారపోగులకు తగిలి అంటుకుపోతాయి. పెద్దవి గాలితోపాటు మలుపు తిరగలేక పోగులను ఢీకొంటాయి. ఈ రెంటికీ మధ్యన, 0.3 మైక్రాన్ల దగ్గర ఉన్నవే ఎక్కువగా తప్పించుకుంటాయి. హెపాను ఆ కొలత దగ్గరే పరీక్షించడానికి కారణం ఇదే.

మీ అబ్బాయి సంగతికి వస్తే, పుప్పొడి రేణువులు చాలావరకు 10 నుంచి 100 మైక్రాన్లు ఉంటాయి కాబట్టి మెర్వ్ 8 కూడా వాటిని బాగానే ఆపుతుంది. బూజు బీజకణాలలో చిన్నవి, ఉదాహరణకు ఆస్పర్‌జిల్లస్ జాతివి, 2 నుంచి 3 మైక్రాన్ల చుట్టూ ఉంటాయి. వాటికి మెర్వ్ 11 లేదా 13 కావాలి. బ్లోయర్ భరించగలిగితే 13 పెట్టుకోవడమే నా సలహా. భరిస్తుందో లేదో యంత్రం మాన్యువల్‌లో చూడండి, లేదా కొత్త ఫిల్టర్ వేశాక గాలి పీడనం ఎంత తగ్గుతున్నదో సాంకేతిక నిపుణుడి చేత కొలిపించండి. ఫిల్టర్ పెట్టే చోటు ఒక అంగుళం మందానిది మాత్రమే అయితే, మందం పెంచి నాలుగు అంగుళాల ఫిల్టర్ పట్టేలా మార్పించుకోవడం మంచి ఖర్చు. మడతలు లోతుగా ఉండటం వల్ల గాలికి అడ్డు తగ్గుతుంది, ఫిల్టర్ ఎక్కువ కాలం మన్నుతుంది.

అంకె కన్నా అమరిక ముఖ్యమని మరచిపోకండి. ఫ్రేముకూ గాడికీ మధ్య సందు ఉంటే మెర్వ్ 13 కూడా కాగితం మీది అంకెగానే మిగులుతుంది. పాత ఫిల్టర్ తీసినప్పుడు దాని అంచుల మీద, గాడి గోడల మీద దుమ్ము చారలు ఉన్నాయేమో చూడండి. ఉంటే గాలి అటునుంచి దొంగదారిన పోతున్నదని అర్థం, ఆ సందును స్పాంజి పట్టీతో మూయించండి. ఫ్రేము మీది బాణం గుర్తు గాలి పోయే దిశగా, అంటే బ్లోయర్ వైపుగా ఉండాలి. అంగుళం మందపు ఫిల్టర్‌ను ఒకటి నుంచి మూడు నెలలకు మార్చాలి, ఇంట్లో పెంపుడు జంతువు ఉంటే ఇంకా ముందుగానే మార్చవలసి రావచ్చు.

ప్రశ్న: పరీక్షలో నాకు డస్ట్ మైట్ ఎలర్జీ అని తేలింది. ఇంట్లో అన్నిటికన్నా మంచి ఫిల్టర్ పెట్టినా తెల్లవారుజామున ముక్కు దిబ్బడ తగ్గడం లేదు. ఎక్కడ పొరపాటు జరుగుతున్నది?

జవాబు: మీ ఫిల్టర్‌లో లోపం లేదు. దానికి చిక్కని చోట మీ శత్రువు ఉన్నది. ఇంటి దుమ్ములో ఎలర్జీ కలిగించేది ప్రధానంగా ఈ మైట్లేనని 1960లలో నెదర్లాండ్స్‌లోని లైడెన్ శాస్త్రవేత్తలు నిర్ధారించారు. కంటికి కనిపించని ఈ జీవులు పరుపులలో, దిండ్లలో, తివాచీలలో, మన ఒంటి నుంచి రాలే చర్మపు పొట్టును తింటూ బతుకుతాయి. మనకు పడనిది ముఖ్యంగా వాటి విసర్జనలోని ప్రొటీను. ఆ విసర్జన కణాలు 10 నుంచి 40 మైక్రాన్ల దాకా ఉంటాయి. అంత బరువైన కణాలు పక్క దులిపినప్పుడు లేచినా, అరగంటలోపే చాలావరకు మళ్ళీ కిందికి దిగిపోతాయి. ఫిల్టర్ తన దగ్గరికి వచ్చిన గాలిని శుభ్రం చేయగలదే తప్ప, మీ చెంప కింద ఉన్న దిండును శుభ్రం చేయలేదు. రాత్రంతా మీరు శ్వాస తీసుకుంటున్నది ఆ దిండుకు జానెడు దూరం నుంచే.

పిల్లి పడనివారి పరిస్థితి దీనికి పూర్తిగా భిన్నం. పిల్లి లాలాజలం నుంచి, చర్మం నుంచి వచ్చే ప్రొటీనులో కొంతభాగం 5 మైక్రాన్ల కన్నా చిన్న కణాల మీద ఉండి, గంటల తరబడి గాలిలో తేలుతుంది. వారికి మంచి ఫిల్టర్ వల్ల ఉపయోగం ఎక్కువ. ఒకే ఫిల్టర్ ఒకరికి మేలు చేసి మరొకరికి చేయకపోవడం వెనుక ఉన్న రహస్యం ఇదే. అందుకే ఫిల్టర్ కొనడానికి ముందు ఎలర్జీ పరీక్ష చేయించుకోమని ప్రతిసారీ చెబుతుంటాను.

అయితే మీకు ఏసీ మరొక విధంగా తోడ్పడుతుంది. మైట్లు నీళ్ళు తాగవు, గాలిలోని తేమనే పీల్చుకుని బతుకుతాయి. గదిలో సాపేక్ష తేమ 50 శాతం కన్నా తక్కువగా చాలాకాలం ఉంటే అవి ఎండిపోయి తగ్గిపోతాయి. విల్లిస్ క్యారియర్ 1902లో మొట్టమొదటి ఆధునిక ఏసీని రూపొందించినది ఒక ముద్రణాలయంలో కాగితం తేమకు సాగకుండా ఉంచడానికే. చల్లదనం కన్నా తేమను అదుపు చేయడమే ఆనాటి అవసరం. మీకూ ఇప్పుడు కావలసినది అదే. తేమను కొలిచే చిన్న మీటరు ఒకటి కొని మంచం పక్కన పెట్టండి, రీడింగు 40కీ 50కీ మధ్య ఉండేలా చూసుకోండి. గదికి అవసరమైన దానికన్నా పెద్ద ఏసీ బిగించి ఉంటే, అది గదిని గబగబా చల్లబరచి ఆగిపోతుంది. తేమ పూర్తిగా లాగడానికి వ్యవధి ఉండదు, అందువల్ల గది చల్లగానే ఉన్నా చెమ్మగా అనిపిస్తుంది. అలాంటప్పుడు రిమోట్‌లో డ్రై మోడ్ వాడి చూడండి.

పరుపుకూ, దిండ్లకూ జిప్పుతో పూర్తిగా మూసుకునే, సన్నని నేత ఉన్న మైట్ కవర్లు తొడగండి. దుప్పట్లు, గలీబులు వారానికి ఒకసారి కనీసం 55 డిగ్రీల వేడినీటిలో ఉతకాలి, గోరువెచ్చని నీటికి మైట్లు చావవు. ఈ పనులు చేస్తున్నామని డాక్టరు రాసిన ముక్కు స్ప్రేను గానీ, ఉబ్బసం ఉన్నవారు ఇన్‌హేలర్‌ను గానీ సొంతంగా మానేయకూడదు.

ప్రశ్న: స్ప్లిట్ ఏసీ జాలీని ఇంట్లో ఎలా కడగాలి? ఎన్నాళ్ళకోసారి?

జవాబు: ఏసీ రోజూ వాడే కాలంలో రెండు వారాలకు ఒకసారి కడగడం మంచి పద్ధతి. రోడ్డు పక్కన, నిర్మాణ పనులు జరిగేచోట ఉన్నవారు వారానికోసారి చూసుకోవాలి. ఎలర్జీ ఉన్న మనిషి ఈ పని చేయకుండా ఇంట్లో మరొకరు చేయడం ఉత్తమం. తప్పనిసరైతే ముక్కుకు మాస్కు కట్టుకోవాలి.

మెయిన్ స్విచ్ ఆపి, ముందు మూత ఎత్తి, జాలీలను కొంచెం వంచి కిందికి లాగితే వచ్చేస్తాయి. వాటిని అక్కడే దులపకండి, ఆ దుమ్మంతా మంచం మీదే పడుతుంది. నేరుగా స్నానాల గదికి తీసుకువెళ్ళండి. కుళాయి నీటిని దుమ్ము పట్టిన వైపు మీద కాకుండా దాని వెనుక వైపు నుంచి పోయాలి. ముందు నుంచి పోస్తే దుమ్ము రంధ్రాలలోకి ఇంకా దూరి ముద్ద కడుతుంది, వెనుక నుంచి పోస్తే పొర పొరగా ఊడి వస్తుంది. వంటింటి జిడ్డు పట్టి ఉంటే గోరువెచ్చని నీటిలో కొద్దిగా గిన్నెలు తోమే సబ్బు ద్రవం కలిపి మెత్తని బ్రష్‌తో రుద్దాలి. మరిగే నీరు, గట్టి బ్రష్, బ్లీచింగ్ వాడితే జాలీ సాగి వంకర పోతుంది. నీడలో పూర్తిగా ఆరాకే బిగించండి. ఎర్రటి ఎండలో పెడితే ప్లాస్టిక్ చట్రం వంగి, తిరిగి గాడిలో సరిగ్గా కూర్చోదు. తడి జాలీని తొందరపడి పెట్టడం బూజును చేజేతులా పిలవడమే.

కార్బన్ పట్టీని, స్థిర విద్యుత్ పట్టీని మాత్రం కడగకండి. సబ్బు నీరు తగిలితే ఆ విద్యుత్ ఆవేశం పోతుంది, చూడటానికి శుభ్రంగానే ఉన్నా పని చేయదు. కడగవచ్చని కంపెనీ స్పష్టంగా రాసి ఉంటే తప్ప వాటిని మార్చవలసిందే.

ఏసీ ఆపడానికి ముందు లోపలి తడి ఆరేలా చూసుకోవడం జాలీ కడగడమంత ముఖ్యం. కొత్త యంత్రాలలో చాలా వాటికి ఆటో క్లీన్ వంటి పేర్లతో ఈ ఏర్పాటు ఉంటుంది, ఆపిన తరువాత కూడా ఫ్యాన్ కాసేపు తిరిగి కాయిల్‌ను ఆరబెడుతుంది. అది ఆగలేదేమిటని కంగారుపడి మెయిన్ స్విచ్ తీసేయకండి. ఆ సౌకర్యం లేనివారు ఆపే ముందు 20, 30 నిమిషాలు ఫ్యాన్ మోడ్‌లో నడిపితే చాలు. డ్రై మోడ్ ఇందుకు పనికిరాదు. అందులో కంప్రెసర్ నడుస్తూనే ఉంటుంది కాబట్టి కాయిల్ మీద నీరు చేరుతూనే ఉంటుంది. ఈ రెంటినీ ఒకటిగా భావించేవారు చాలామంది ఉన్నారు.

ప్రశ్న: ఏసీ ఉన్న గదిలో ఎయిర్ ప్యూరిఫైయర్ కూడా పెట్టుకోవాలా? అయాన్లు వదిలే రకం మంచిదంటున్నారు.

జవాబు: పిల్లి, బూజు, పొగ, సన్నని ధూళి వల్ల బాధ ఉన్నవారికి స్ప్లిట్ ఏసీ గదిలో విడిగా హెపా ప్యూరిఫైయర్ పెట్టుకోవడం సరైన మార్గమే. ఏసీ చల్లబరచే పని, ప్యూరిఫైయర్ ధూళి పట్టే పని ఎవరిది వారు చేసుకుంటే రెండూ బాగా నడుస్తాయి. కొనేటప్పుడు ‘హెపా తరహా’, ‘హెపా వంటి’ అన్న మాటలను నమ్మకుండా, అసలు ప్రమాణం రాసి ఉందో లేదో చూడండి.

ఆ తరువాత చూడవలసినది సీఏడీఆర్ అనే అంకె. అది ఎంత శుభ్రమైన గాలిని యంత్రం ఇస్తుందో చెబుతుంది. గది వైశాల్యం చదరపు అడుగుల్లో ఎంతో, నిమిషానికి ఘనపుటడుగులలో చెప్పిన సీఏడీఆర్ అందులో కనీసం మూడింట రెండు వంతులు ఉండాలి. 120 చదరపు అడుగుల గదికి 80, గంటకు ఘనపు మీటర్లలో చెబితే దాదాపు 136. ఈ లెక్క 8 అడుగుల ఎత్తున్న గదులకు సంబంధించినది, కప్పు ఎత్తుగా ఉంటే ఇంకా పెద్దది కావాలి. ప్రకటనలోని అంకె ఫ్యాన్ గరిష్ఠ వేగంలో కొలిచినదని గుర్తుంచుకోండి. రాత్రి శబ్దం భరించలేక తక్కువ వేగంలో పెడితే అందులో కొంతే లభిస్తుంది. అందుకే అవసరమైన దానికన్నా ఒక మెట్టు పెద్దది కొని, నెమ్మదిగా నడుపుకోవడం మేలు.

అయాన్లు, ప్లాస్మా వంటి పేర్లతో వచ్చేవాటిలో కొన్ని ఓజోన్ వాయువును విడుదల చేస్తాయి. ఓజోన్ ఊపిరితిత్తులను రేపుతుంది, ఉబ్బసం ఉన్నవారికి అది నేరుగా హాని చేస్తుంది. ఇంట్లో వాడే ఈ యంత్రాల నుంచి వచ్చే ఓజోన్ పది లక్షల భాగాలలో 0.05 భాగాలకు మించరాదని అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం చట్టపరంగా పరిమితి పెట్టింది. మీరు కొన్న యంత్రంలో అయాన్ మీట విడిగా ఉంటే దానిని ఆపి ఉంచండి. ఎలర్జీ తగ్గడానికి హెపా, తగినంత గాలి ప్రవాహం చాలు.

ప్రశ్న: ఏసీల వల్ల లెజియొనైర్స్ వ్యాధి వస్తుందని చదివి భయపడుతున్నాను. మా ఇంటి స్ప్లిట్ ఏసీ వల్ల కూడా వస్తుందా?

జవాబు: భయపడనవసరం లేదు. 1976లో ఫిలడెల్ఫియాలోని ఒక హోటల్‌లో సమావేశానికి వచ్చినవారిలో ఈ న్యుమోనియా బయటపడింది, దానికి కారణమైన బాక్టీరియాను మరుసటి ఏడాది గుర్తించారు. పెద్ద భవనాల కూలింగ్ టవర్లలో నిలువ ఉండే గోరువెచ్చని నీటిలో అది పెరిగి, నీటి తుంపరల ద్వారా వ్యాపిస్తుంది. స్ప్లిట్ ఏసీలో అటువంటి టవరు లేదు. అందులో చేరే నీరు చల్లగా ఉండి పైపులోంచి బయటికి పోతుంది.

ప్రశ్న: ఏసీ కోసం తలుపులు, కిటికీలు రోజంతా మూసే ఉంచుతాం. దీనివల్ల ఎలర్జీ పెరుగుతుందా, తగ్గుతుందా?

జవాబు: రెండూ జరగవచ్చు. బయటి పుప్పొడి పడనివారికి ఆ కాలంలో కిటికీలు మూసి ఉంచడం వల్ల మేలు జరుగుతుంది. ఇంటిలోపలి కారణాల వల్ల బాధపడేవారికి అది కీడు చేయవచ్చు. స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తీసుకోదు, గదిలోని గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది. కాబట్టి పెయింట్ల వాసన, అగరుబత్తుల పొగ, మనుషులు వదిలిన శ్వాస అన్నీ ఆ గదిలోనే పోగవుతాయి. ఫిల్టర్ ధూళిని పడుతుందే గాని కార్బన్ డయాక్సైడును తగ్గించలేదు. ఉదయాన్నే తలబరువుగా లేస్తున్నామని రాసినవారు ముందు ఈ సంగతిని చూసుకోవాలి. పుప్పొడి, వాహనాల పొగ తక్కువగా ఉండే వేళ చూసుకుని, రోజుకు రెండుసార్లు ఎదురెదురు కిటికీలు పది పదిహేను నిమిషాలు తెరవండి. ఆ సమయంలో ఏసీ ఆపి ఉంచితే బయటి తేమ కాయిల్ మీద చేరదు.

ప్రశ్న: కారులో ఏసీ వేసినప్పుడు మాత్రమే దగ్గు వస్తున్నది. కారుకు కూడా ఫిల్టర్ ఉంటుందా?

జవాబు: చాలా కార్లలో ఉంటుంది. దానిని క్యాబిన్ ఫిల్టర్ అంటారు. ఎక్కువ కార్లలో ముందు సీటు ఎదుట ఉన్న గ్లవ్ బాక్స్ వెనుక ఉంటుంది, మాన్యువల్ చూసి మీరే తీయగలరు. బయటికి తీసినప్పుడు ఎండుటాకులు, పురుగుల రెక్కలు, నల్లని మసి కనిపిస్తే దులిపి మళ్ళీ పెట్టకండి, కొత్తది వేయండి. సాధారణంగా ఏడాదికి లేదా 15,000 కిలోమీటర్లకు ఒకసారి, ఏది ముందైతే అప్పుడు మార్చాలి. మీ ఉత్తరంలో పుల్లని వాసన గురించి కూడా రాశారు. అది ఫిల్టర్ వెనుక ఉన్న కాయిల్ మీది బూజు నుంచి వస్తుంది కాబట్టి ఫిల్టర్ మార్చేటప్పుడే కాయిల్‌ను కూడా ఫోమ్ క్లీనర్‌తో కడిగించండి. గమ్యం చేరడానికి కొన్ని నిమిషాల ముందు ఏసీ మీట ఆపి, ఫ్యాన్ మాత్రం నడవనిస్తే కాయిల్ చాలావరకు ఆరుతుంది. బండి ఎక్కినప్పుడు మొదట అద్దాలు దించి, ఫ్యాన్ వేసి, ఆ తొలి గాలి బయటికి పోయాక అద్దాలు ఎక్కించుకోండి.